కంప్యూటర్ తనంతట తాను ఆగిపోతే?

ఎంతో ముచ్చటపడి విడిభాగాలు కొని తెచ్చి, ఇంట్లోనే కూర్చుని బిగించుకున్న కొత్త కంప్యూటర్ పది నిమిషాలు చక్కగా పనిచేసి, ఉన్నట్టుండి టప్పున ఆగిపోయిందనుకోండి. అప్పుడు మీరేం చేస్తారు?

మళ్ళీ మీట నొక్కుతారు. అది మళ్ళీ ఆగుతుంది. ఇంకోసారి నొక్కుతారు. తరువాత తెలిసినవారిని అడుగుతారు. ఒకరు “పవర్ సప్లై పోయింది, మార్చెయ్” అంటారు. ఇంకొకరు “మెమరీ మంచిది కాదు” అంటారు. మూడవవారు “మదర్‌బోర్డే దండుగ” అని తేల్చేస్తారు. ముగ్గురిలో ఎవరూ కంప్యూటర్ ఎన్ని నిమిషాలకు ఆగింది, ఆగేటప్పుడు ఏం చేస్తూ ఉంది అని అడగరు.

నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. కారణం తెలియకుండా భాగాలు మార్చటం మరమ్మతు కాదు, జూదం. జూదంలో ఒక్కొక్కప్పుడు గెలవవచ్చు. కాని గెలిచినా మనకు కొత్తగా తెలిసేదేమీ ఉండదు. లోపాన్ని వెదకి పట్టుకోవటం ఒక విద్య. సైన్సు పాఠాలన్నిటిలోనూ ఉన్న విద్యే అది. అయినా దాన్ని మనం బడిలో నేర్పటం లేదు, మీరు అడగటం లేదు.

ఆగటం కూడా ఒక పనే

మొదట ఒక అపోహను తొలగించుకుందాం. యంత్రం ఆగిపోగానే “చెడిపోయింది” అనుకుంటాము. చాలాసార్లు అది చెడిపోకుండా ఉండటానికే ఆగుతుంది.

మా విజయపురి సౌత్ కృష్ణకు కుడిగట్టున, నాగార్జునసాగర్ ఆనకట్ట దగ్గర ఉన్న ఊరు. ఆ జలాశయం పూర్తి నీటిమట్టం 590 అడుగులు. ఎగువనుంచి వరద వచ్చి నీరు ఆ మట్టానికి చేరువైతే ఇంజనీర్లు క్రస్టు గేట్లు ఎత్తుతారు. మొత్తం 26 గేట్లు. నీరు తెల్లగా నురగలు కక్కుతూ దూకుతుంటే చూడటానికి ఎక్కడెక్కడినుంచో జనం వస్తారు. ఆ నీటిని చూచి “అయ్యో, ఆనకట్ట కారిపోతున్నది” అని ఎవరైనా అంటారా? అనరు. గేట్లు ఎత్తటం ఆనకట్టను కాపాడటానికే అని అందరికీ తెలుసు. “పైనుంచి ఎంత వరద వస్తున్నది?” అని మాత్రం అడుగుతారు. అదే సరైన ప్రశ్న.

కంప్యూటర్‌లోనూ ఇటువంటి కాపలాదారులు ఉన్నారు. ప్రాసెసర్ చిప్పులోనే ఉష్ణోగ్రతను గమనించే చిన్న సాధనం ఉంటుంది. ఈనాటి ప్రాసెసర్లలో చాలావరకు నూరు డిగ్రీల సెల్సియస్ దరిదాపులకు రాగానే తమ వేగం తామే తగ్గించుకుంటాయి. అప్పటికీ వేడి తగ్గక ఇంకా పెరిగితే, చిప్పు కాలిపోకుండా విద్యుత్తును ఆపించేస్తాయి. పవర్ సప్లై పెట్టెలోనూ కాపలా ఉంది. హద్దు మించిన కరెంటు ప్రవహించినా, లోపల ఎక్కడైనా రెండు తీగలు కలిసి షార్ట్ అయినా, మంచి పవర్ సప్లై తనను తాను ఆపుకుంటుంది. మీ ఇంట్లోని ఫ్యూజు చేసే పని కూడా ఇదే.

ఫ్యూజు మాట వచ్చింది గనుక ఒక దురలవాటు గురించి చెప్పాలి. ఫ్యూజు తీగ పదేపదే కాలిపోతున్నదని దాని స్థానంలో లావుపాటి రాగితీగ చుట్టేవారు ఉన్నారు. ఫ్యూజు కాలటం మానుతుంది, నిజమే. కాని ఇకమీదట కాలేది గోడలోని వైరు. కాపలాదారుని నోరు నొక్కి “ఇప్పుడు ఇల్లు ప్రశాంతంగా ఉంది” అనుకోవటం ఎటువంటిదో ఇదీ అటువంటిదే. కంప్యూటర్‌లోని రక్షణలను తీసివేసే ఉపాయాలు చెప్పేవారు కూడా మీకు తారసపడవచ్చు. వారి మాట వినకండి. ఆగటాన్ని ఆపకూడదు, ఆగటానికి కారణాన్ని తొలగించాలి.

అరచేతిలో ఇస్త్రీపెట్టె

ప్రాసెసర్‌కు అంత వేడి ఎక్కడిది? ఒక చిన్న లెక్క వేద్దాం. 750 వాట్ల ఇస్త్రీపెట్టె అడుగుభాగం సుమారు 200 చదరపు సెంటీమీటర్లు ఉంటుందనుకుంటే, చదరపు సెంటీమీటరుకు నాలుగు వాట్లు కూడా రావు. 65 వాట్లు తీసుకునే ప్రాసెసర్‌లో అసలు సిలికాన్ ముక్క వైశాల్యం ఒకటిన్నర చదరపు సెంటీమీటర్లు అనుకోండి. చదరపు సెంటీమీటరుకు 40 వాట్లు దాటుతుంది! అంటే ఇస్త్రీపెట్టెకు పది రెట్లు. తీసుకున్న విద్యుత్తు దాదాపు అంతా చివరకు వేడిగానే మారుతుంది. ఆ వేడిని ఎప్పటికప్పుడు బయటికి లాగివేయటానికే దానిమీద లోహపు రెక్కల దిమ్మె, ఆ దిమ్మెమీద పంకా బిగిస్తారు.

ఇక్కడ మన పల్నాడువారు గుర్తుంచుకోవలసిన విషయం ఒకటున్నది. పంకా గదిలోని గాలినే ఊదుతుంది గాని చల్లని గాలిని సృష్టించదు. కనుక చిప్పు ఎప్పుడూ గది ఉష్ణోగ్రతకంటె కొన్ని డిగ్రీలు పైనే ఉంటుంది. ఒకే పని చేస్తున్నంతసేపు ఆ తేడా ఇంచుమించు మారదు. ఆ తేడా 50 డిగ్రీలు అనుకుందాం. డిసెంబరులో గది 25 డిగ్రీలు ఉంటే చిప్పు 75 దగ్గర హాయిగా ఉంటుంది. మే నెలలో గది 43 డిగ్రీలకు చేరితే చిప్పు 93కు చేరుతుంది! రెంటచింతల ఎండలు రాష్ట్రమంతటికీ తెలిసినవే. చలికాలంలో బిగించిన కంప్యూటర్ ఎండాకాలంలో మొండికేస్తే, భాగాలు మారలేదు, ఋతువు మారింది అన్నమాట. దీనికి దుమ్ము తోడైతే ఇక చెప్పనక్కరలేదు. పిడుగురాళ్ళ వైపు సున్నపు బట్టీల దగ్గర, నాపరాళ్ళ గనుల దగ్గర ఉన్నవారు కంప్యూటర్ పక్కరేకు తీసి చూస్తే, లోహపు రెక్కల నడుమ తెల్లని దుమ్ము పొర కనపడుతుంది. రెక్కల మధ్య దారి మూసుకుపోతే గాలి ఎలా పోతుంది?

నోటుపుస్తకం చెప్పిన సంగతి

ఇప్పుడు ఒక ఉదాహరణ. మా ఊరి విద్యార్థి ఒకడు ఇంటర్మీడియట్ చదువుతూ కంప్యూటర్ బిగించుకున్నాడు. తండ్రి జలాశయంలో చేపలు పట్టి జీవించే మనిషి. కుర్రవాడు బొమ్మలను కదిలించే విద్య నేర్చుకోవాలని ఆశపడితే, కూడబెట్టిన డబ్బు తీసి ఇచ్చాడు. కంప్యూటర్ మొదటి రోజునుంచే ఆగిపోసాగింది. నలుగురూ చెప్పిన మాట విని, మరో మూడువేల రూపాయలు పోసి కొత్త పవర్ సప్లై తెచ్చి పెట్టాడు. అయినా ఆగింది. అప్పుడు వచ్చి నన్ను అడిగాడు. “ఇంకేమీ విప్పకు, ఇంకేమీ కొనకు. రెండు రోజులు నోటుపుస్తకంలో వ్రాయి” అన్నాను.

అతడు వ్రాసుకు వచ్చిన వివరాలు ఇవి. ఉదయం మొదటిసారి వేసినప్పుడు 14 నిమిషాలకు ఆగింది. వెంటనే మళ్ళీ వేస్తే 3 నిమిషాలకే ఆగింది. మూడవసారి 2 నిమిషాలు. గంటసేపు వదిలివేసి వేస్తే 13 నిమిషాలు. బొమ్మల పని పెడితే త్వరగా, ఊరకే అక్షరాలు కొడుతుంటే ఆలస్యంగా ఆగింది. పక్కరేకు తీసి బల్లపంకా ఎదురుగా పెడితే మరింత ఆలస్యమైంది.

ఈ అంకెలను మీరే ఒకసారి చూడండి. నేను చెప్పకముందే మీకు ఏమి స్ఫురిస్తున్నది? విశ్రాంతి ఇస్తే ఎక్కువసేపు నడిచింది, ఇవ్వకపోతే తక్కువసేపు నడిచింది. పని ఎక్కువైతే తొందరగా ఆగింది, గాలి తగిలితే నిలదొక్కుకున్నది. వదులుగా ఉన్న తీగకు విశ్రాంతితో సంబంధం ఉండదు. ఇది ఎక్కడో వేడి పేరుకుపోతున్న లక్షణం.

అయితే “వేడి” అన్నంతమాత్రాన పని అయిపోలేదు. పవర్ సప్లై కూడా వేడెక్కి ఆగవచ్చు గదా! కనుక రెండవ పరీక్ష కావాలి. కంప్యూటర్ వేయగానే వచ్చే సెట్టింగుల తెరలో ప్రాసెసర్ ఉష్ణోగ్రత కనపడుతుంది. ఏ పనీ చెప్పకుండా ఆ తెర ముందు కూర్చుని నిమిషానికొకసారి వ్రాస్తే, అంకె ఎక్కుతూనే పోయి 90 దాటింది. దొంగ దొరికాడు. ప్రాసెసర్ మీది లోహపు దిమ్మెను బోర్డుకు పట్టి ఉంచే నాలుగు మేకులలో ఒకటి సరిగా దిగలేదు. దిమ్మె ఒక మూల సన్నగా లేచి, చిప్పుకూ దిమ్మెకూ మధ్య గాలి చేరింది. అల్యూమినియం గాలికంటె సుమారు తొమ్మిదివేల రెట్లు బాగా వేడిని ప్రసరింపజేస్తుంది. వెంట్రుక మందం గాలి పొర కూడా వేడికి గోడ కట్టినట్లే. పాత పేస్టు తుడిచి, కందిగింజంత కొత్త పేస్టు పెట్టి, నాలుగు మేకులూ “టక్” మనేదాకా నొక్కితే సరిపోయింది. అయిన ఖర్చు చిన్న పేస్టు గొట్టం వెల. పవర్ సప్లైకి పోసిన మూడువేలు వృథా.

ఆ మూడువేలు ఒక కుటుంబం ఎన్ని రోజుల కష్టమో ఆలోచించండి. ఆలోచన ముందు, మార్పిడి తరువాత అని నేను గట్టిగా చెప్పటానికి కారణం ఇదే.

ఎప్పుడు ఆగిందో గమనించండి

ఆగిన సమయమే సగం జవాబు చెబుతుంది.

మీట నొక్కిన ఒకటి రెండు క్షణాలలోనే ఆగిపోతే, ఎక్కడో షార్ట్ ఉన్నదేమో చూడాలి. మదర్‌బోర్డు కింద అవసరం లేనిచోట ఒక ఇత్తడి మేకు మిగిలిపోయి బోర్డును తాకుతూ ఉండవచ్చు. లేదా పెట్టెమీది మీటే లోపలికి నొక్కుకుపోయి ఉండవచ్చు. మీటను కొన్ని క్షణాలు నొక్కిపట్టితే కంప్యూటర్ ఆగిపోవటం మామూలే గదా!

కొన్ని నిమిషాల తరువాత, అదీ వెంటవెంటనే వేస్తే ఇంకా త్వరగా ఆగితే, వేడిని అనుమానించాలి.

ఆట గాని, పెద్ద బొమ్మల పని గాని మొదలుపెట్టిన క్షణంలోనే ఆగితే, పవర్ సప్లై శక్తిని లెక్క కట్టాలి. దాని పక్కన అతికించిన కాగితం చదవండి. పెట్టెమీద పెద్ద అక్షరాలతో 450 వాట్లు అని ఉండవచ్చు. కాని ప్రాసెసర్‌కూ గ్రాఫిక్స్ కార్డుకూ ముఖ్యంగా కావలసింది 12 వోల్టుల సరఫరా. అక్కడ 20 ఆంపియర్లు మాత్రమే అని ఉంటే, మీ పాఠంలోని సూత్రం ప్రకారం 12ను 20తో హెచ్చించండి. 240 వాట్లే! ప్రాసెసర్‌కు 65, గ్రాఫిక్స్ కార్డుకు 170, పంకాలకు, డిస్కులకు 20 కలిపితే 255. చాలదు. వోల్టేజిని కరెంటుతో గుణిస్తే సామర్థ్యం వస్తుందని పరీక్షలో వ్రాసిన మీరే దుకాణంలో ఆ పెద్ద అక్షరాలను నమ్మితే ఎలా?

ఆగిన క్షణంలోనే ఇంట్లో దీపం కూడా మసకబారితే, కారణం కంప్యూటర్‌లో లేదు. పక్కింటి బోరు మోటారు వేసినప్పుడు వోల్టేజి పడిపోతూ ఉండవచ్చు. గోడలోని సాకెట్టు వదులై ఉండవచ్చు. కంప్యూటర్‌ను వేరొక సాకెట్టుకు, వీలైతే వేరొక ఇంట్లో పెట్టి చూస్తే తేలిపోతుంది.

ఏ క్రమమూ లేకుండా ఆగుతుంటే మెమరీ పలకలను ఒక్కొక్కటిగా పెట్టి చూడాలి. అయితే మెమరీ లోపమైతే పూర్తిగా ఆరిపోవటంకంటె, తెర బిగిసిపోవటం, తనంతట తాను మళ్ళీ మొదలుకావటం ఎక్కువ. విండోస్ ఉన్న కంప్యూటర్ అయితే అది తన దినచర్యను తానే వ్రాసుకుంటుంది. అందులో “కెర్నెల్-పవర్ 41” అనే నమోదు కనపడితే, కంప్యూటర్ సక్రమంగా మూయకుండానే ఆగిపోయిందని అర్థం. అది ఆగిన సంగతి చెబుతుందే గాని దోషి పేరు చెప్పదు. పేరు మీరు కనుక్కోవాలి.

ఈ పరిశోధనలో రెండు నియమాలు. మొదటిది, ఒక్కసారికి ఒక్క మార్పే చేయాలి. మూడు మార్పులు ఒకేసారి చేసి బాగైతే, ఏది బాగుచేసిందో తెలియదు. రెండవది, అనుమానాలను ఒక్కొక్కటిగా కాక సగం సగంగా కొట్టివేయాలి. గ్రాఫిక్స్ కార్డు, అదనపు డిస్కులు, అదనపు పంకాలు అన్నీ తీసి, కనీస భాగాలతో నడిపించండి. ఆగకపోతే లోపం తీసివేసిన సగంలో ఉంది. ఆగితే మిగిలిన సగంలో ఉంది. పదహారు అనుమానాలున్నా, ప్రతి పరీక్షా సగాన్ని తొలగిస్తే నాలుగు పరీక్షలు చాలు.

పెద్దవారు చేసింది కూడా ఇదే

1946లో అమెరికాలో లోకానికి చూపించిన ఎనియాక్ అనే కంప్యూటర్‌లో సుమారు 18,000 వాల్వులు ఉండేవి. ఏ ఒక్కటి పోయినా లెక్క తప్పుతుంది. కొంతకాలానికి దాదాపు రెండు రోజులకొక వాల్వు మాత్రమే పోయే స్థితికి తెచ్చారు. పోయినదాన్ని పావుగంటలో పట్టుకోగలిగేవారు. పద్దెనిమిది వేలలో ఒకదాన్ని పావుగంటలో! ఒక్కొక్కటే మార్చి చూస్తే అది సాధ్యమా? అంతేకాదు, వాల్వులు ఎక్కువగా వేసేటప్పుడూ ఆర్పేటప్పుడూ పోతున్నాయని గమనించి, యంత్రాన్ని వీలైనంతవరకు ఆర్పకుండా ఉంచారు. ఏ భాగమూ కొనకుండా, గమనించటం వలన దొరికిన మందు అది.

మన హైదరాబాదులో 1967లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా స్థాపించబడింది. పశ్చిమ గోదావరి జిల్లాలో పుట్టిన డాక్టర్ ఎ.ఎస్.రావుగారు దానికి సారథి. టి.డి.సి.-12 అనే కంప్యూటర్ 1969లో మన దేశంలో తయారయింది. అటువంటి యంత్రాన్ని మొదటిసారి కట్టేవారికి, ఆగిపోతే ఎవరిని పిలవాలి అన్న ప్రశ్నే లేదు. కట్టినవారే వెదకాలి.

ఆనకట్ట విషయం కూడా అంతే. లోపలి గ్యాలరీలలో ఊరే నీటిని ఇంజనీర్లు క్రమం తప్పకుండా కొలిచి వ్రాస్తూ ఉంటారు. అంత పెద్ద కట్టడానికి కూడా కాపలా కొలతే.

బడిలో ఏమి జరగాలి?

మన ప్రయోగశాలలలో విద్యార్థికి ఇచ్చే వలయం ఎప్పుడూ పనిచేసే వలయమే. ఘటం, మీట, అమ్మీటరు, నిరోధం అన్నీ సరిగా ఉంటాయి. విద్యార్థి అంకెలు వ్రాసి, గ్రాఫు గీసి, ఓమ్ నియమం నిజమని ఒప్పుకుంటాడు. పనిచేయని వలయం ఎదురైతే మాత్రం “సార్, ఇది పనిచేయటం లేదు” అని చేతులు కట్టుకుంటాడు. అసలు సైన్సు అక్కడే మొదలుకావాలి!

నా సూచన ఇది. ప్రయోగ పరీక్షలో ఒక ప్రశ్న పనిచేయని వలయం మీద ఉండాలి. ఉపాధ్యాయుడు కావాలని ఒక లోపం పెట్టాలి. లోపం కనిపెట్టినందుకు సగం మార్కులు, ఏ క్రమంలో వెదికాడో వ్రాసినందుకు సగం మార్కులు ఇవ్వాలి. అలాగే బడిలో మూలన పడి ఉన్న పాత కంప్యూటర్ ఒకటి ఉంటే, దాన్ని బీరువాలో పెట్టి తాళం వేయక విద్యార్థులకు విప్పి చూపాలి.

“మరమ్మతుకు మెకానిక్కులు ఉన్నారు గదా, అందరికీ ఇదెందుకు?” అని కొందరు అంటారు. మంచి మెకానిక్కు అవసరం ఎప్పుడూ ఉంటుంది. కాని వైద్యుని దగ్గరకు వెళ్ళి “ఒంట్లో బాగాలేదు” అనేవానికీ, “మూడు రోజులుగా సాయంత్రం వేళ జ్వరం వస్తున్నది” అనేవానికీ తేడా లేదా? రెండవవానికి వైద్యం త్వరగా దొరుకుతుంది, అనవసరపు ఖర్చు తప్పుతుంది.

చేయి పెట్టేముందు

కొన్ని జాగ్రత్తలు మాత్రం తప్పనిసరి. పక్కరేకు తీసేముందు ప్లగ్గును గోడనుంచి పూర్తిగా లాగివేయాలి. రేకు తీసి కంప్యూటర్‌ను నడిపి చూడవలసివస్తే లోపల చేయి పెట్టకూడదు, పెద్దవారు దగ్గర ఉండాలి. పవర్ సప్లై పెట్టెను ఎన్నడూ విప్పకండి. 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తును ఏకముఖంగా మార్చినప్పుడు లోపలి కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిలవ ఉంటుంది. ప్లగ్గు తీసిన తరువాత కూడా కొంతసేపు అది ప్రాణం తీయగలదు. మూడు కాళ్ళ ప్లగ్గులో పెద్దకాలు ఎర్తింగు కోసం. దాన్ని విరిచి వాడకండి. ఇంట్లో ఎర్తింగు సరిగా ఉన్నదో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించండి.

లోపం దొరికి సరిచేసిన తరువాత వెంటనే సంబరపడవద్దు. ఇదివరకు ఏ పని పెడితే ఆగిందో అదే పని పెట్టి, అదే మధ్యాహ్నపు వేడిలో రెండు గంటలు నడిపించండి. ఆగకపోతే అప్పుడు బాగైందనండి.

ఈ నెల మీ ఇంట్లోనో, బడిలోనో మొరాయిస్తున్న వస్తువు ఒకటి ఎన్నుకోండి. కంప్యూటరే కానక్కరలేదు. ఆగి ఆగి తిరిగే పంకా కావచ్చు, మిణుకుమిణుకుమనే దీపం కావచ్చు. ముట్టుకోకుండా రెండు రోజులు గమనించి, వేళ, వేడి, జరుగుతున్న పని వ్రాయండి. కారణం ఏమై ఉంటుందో ఒక వాక్యంలో వ్రాసి, అది తప్పయితే ఎలా తెలుస్తుందో మరొక వాక్యంలో వ్రాయండి. ఆ రెండవ వాక్యం వ్రాయగలిగారా, మీరు సైన్సు విద్యార్థులే.